ప్యాకేజీల పేచీ ఎవరు తీర్చాలి?

సోర్స్ పక్షం: జెంటూ లాంటి సోర్స్ ఆధారిత లినక్స్‌లో ప్యాకేజీ అంటే వండి వార్చిన ప్రోగ్రామ్ కాదు, దాన్ని తయారు చేసే విధానం రాసిన ఇబిల్డ్ అనే చిన్న ఫైలు. ఏ సోర్స్ తెచ్చుకోవాలి, కంపైల్ చేయడానికి ఏవి కావాలి, నడవడానికి ఏ లైబ్రరీలు ఏ వెర్షన్‌లో ఉండాలి, యూజ్ ఫ్లాగులతో ఏ సదుపాయాలు కలుపుకోవచ్చు, ఏవి వదిలేయవచ్చు అన్నీ అందులోనే ఉంటాయి. జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్ ఈ ఫైళ్ళన్నీ చదివి, అందరి షరతులూ ఒకేసారి నెరవేరే దారి ఉందేమో వెతుకుతుంది. దొరకకపోతే ఆగిపోతుంది. డిపెండెన్సీ పేచీ అంటే అదే. సిస్టమ్ చెడిపోయిందని దానర్థం కాదు. ఒక్క ఫైలు కూడా మారకముందే, ఏ రెండు షరతులు పొసగడం లేదో అది చెబుతోంది. వాటిలో ఏది సడలించవచ్చో తేల్చాల్సింది ఆ కంప్యూటర్ వాడే మనిషే.

బైనరీ పక్షం: చెప్పడం వరకు నిజమే. ఆ చెప్పింది కూర్చుని చదివే తీరికా కరెంటూ ఎవరికి ఉన్నాయి? ఉదాహరణకు, మయన్మార్‌లోని యాంగోన్‌లో విద్యుత్తు వంతులవారీగా వస్తుంది. 2021 ఫిబ్రవరి 1న సైనిక తిరుగుబాటు జరిగాక, అదే నెల మధ్య నుంచి రాత్రి ఒంటిగంట మొదలు పొద్దున తొమ్మిదింటి దాకా ఇంటర్నెట్ ఆపేశారు. మార్చి మధ్యలో మొబైల్ డేటా పోయింది, ఏప్రిల్ మొదట్లో వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ పోయింది. ఇలాంటి చోట కంప్యూటర్ ముందు దొరికే ప్రతి గంటా విలువైనదే. ఆ గంటను పోర్టేజ్ సందేశం విప్పుకోవడానికి వెచ్చించమనడం భావ్యం కాదు. తయారైన బైనరీలు ఇచ్చే డెబియన్ పద్ధతి చూడండి. అన్‌స్టేబుల్ శాఖలో చేరిన కొత్త ప్యాకేజీ టెస్టింగ్ శాఖలోకి రావాలంటే, అక్కడున్న మిగతావాటిని ఇన్‌స్టాల్ కాకుండా చేయకూడదు. బ్రిట్నీ అనే ప్రోగ్రామ్ దాన్ని తనిఖీ చేశాకే లోపలికి రానిస్తుంది. లైబ్రరీ మారితే దాని మీద ఆధారపడినవాటిని డెబియన్ సర్వర్లే మళ్ళీ బిల్డ్ చేస్తాయి. 2023 జూన్ 10న విడుదలైన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. వాటి తగాదాలు విడుదలకు ముందే, తెలిసినవాళ్ళ చేతుల్లో తీరాయి. యాంగోన్‌లో ఉన్న మనిషికి చేరేది తీర్పు మాత్రమే.

సోర్స్ పక్షం: తీర్పు ఇచ్చినవాళ్ళకు యాంగోన్ అవసరం ఎంత తెలుసన్నది తర్వాత. ముందు ఆ సందేశం సంగతి. చూడ్డానికి భయపెట్టినా దాన్ని చదవడం కష్టమేమీ కాదు. స్లాట్ అంటే ఒక ప్యాకేజీకి సిస్టమ్‌లో కేటాయించిన చోటు. పైథాన్ 3.12, 3.13లకు వేర్వేరు స్లాట్లు, అందుకే రెండూ పక్కపక్కన ఉంటాయి. చాలా లైబ్రరీలకు మాత్రం ఒకటే స్లాట్. ఒక ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ కావాలని, ఇంకొకటి పాతదే ఉండాలని పట్టుబడితే పేచీ పుడుతుంది. సందేశంలో ఒక్కో వెర్షన్ కింద అది ఎవరికి ఏ షరతు మీద కావాలో ‘రిక్వైర్డ్ బై’ అని రాసి ఉంటుంది. చూడాల్సింది అక్కడే. ‘కన్నా తక్కువ’ గుర్తున్న షరతు కనిపిస్తే అసలు అడ్డు దాదాపు దొరికినట్టే. ఆ ప్రోగ్రామ్‌కు కొత్త లైబ్రరీ ఇంకా పడటం లేదన్నమాట. అది నిజంగా వాడుకలో ఉందా, లేక ఎప్పుడో దేని వెంటో వచ్చి మిగిలిపోయిందా? మిగిలిపోయిందైతే డెప్‌క్లీన్‌తో తీసేస్తే గొడవ వదిలిపోతుంది. వాడుకలో ఉంటే, దాని కొత్త వెర్షన్ టెస్టింగ్ కీవర్డ్ కింద వచ్చిందేమో చూసి, ఆ ఒక్కదానికే అనుమతి ఇవ్వాలి. సిస్టమ్ మొత్తాన్ని టెస్టింగ్‌కు మార్చకూడదు. అదీ రాకపోతే కొత్త లైబ్రరీనే మాస్క్ చేసి కొన్నాళ్ళు ఆపాలి. రెండు ప్యాకేజీలు కలిసి ఉండలేవని చెప్పే బ్లాకర్ల విషయం ఇంకా తేలిక. చిన్న ‘బి’ కనిపిస్తే పోర్టేజ్ తానే సర్దుకుంటుంది, పెద్ద ‘బి’ కనిపిస్తే రెంటిలో ఒకటి వదులుకోవాలి. చేయకూడని పని మాత్రం ఒకటుంది. అడ్డొచ్చిన ప్యాకేజీనల్లా అన్‌మెర్జ్ చేసుకుంటూ పోకూడదు. పోర్టేజ్ పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్. పైథానే పోతే ఇక పోర్టేజ్ నడవదు.

బైనరీ పక్షం: పేచీ ఒక్కటే అయినప్పుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఐసీయూ లైబ్రరీ మారినప్పుడు ఏమవుతుంది? యూనికోడ్ పాఠాన్ని సంభాళించే ఈ లైబ్రరీ వెర్షన్ మారినప్పుడల్లా దాని ఫైలు పేరులోని అంకె కూడా మారుతుంది. 74తో లింకైన ప్రోగ్రామ్‌కు 75 కనిపించదు. లిబ్రేఆఫీస్, నోడ్, వెబ్‌కిట్ లాంటి పెద్దవి దాని మీదే ఆధారపడతాయి. ఐసీయూ వాడేలా ఫ్లాగ్ పెట్టుకుంటే బూస్ట్, క్యూటీ, హార్ఫ్‌బజ్ కూడా ఆ వరుసలో చేరతాయి. వీటన్నిటినీ మళ్ళీ కంపైల్ చేయాలి. అందులో ఒక్కటి మొండికేసినా మొత్తం వరుస ఆగిపోతుంది, తెరనిండా సందేశాలు కమ్ముకుంటాయి, వాటిలో అసలు కారణం ఒకటే. పైగా వెతికే పనే గణితపరంగా కష్టం. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అవుతాయా లేదా అన్న ప్రశ్న ఎన్‌పీ కంప్లీట్ అని ఎడాస్ ప్రాజెక్టు పరిశోధకులు 2006లో చూపించారు. ఓపెన్‌సూసే 2008లో వచ్చిన 11.0 నుంచే ఇలాంటి షరతులను తీర్చే సాట్ సాల్వర్ వాడుతోంది. పోర్టేజ్ మాత్రం ఒక దారి పట్టి, కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకో దారి పడుతుంది. ఆ ప్రయత్నాలకు హద్దు ఉంటుంది. హద్దు దాటితే, దారి ఉన్నా లేదనే చెప్పగలదు. అలాంటప్పుడు ఆ సందేశం చదివి నేర్చుకునేది తప్పు పాఠమే.

సోర్స్ పక్షం: ఆ లోపం ఉన్నదే, దాన్ని కప్పిపుచ్చాల్సిన పనిలేదు. ప్రయత్నాల హద్దును నిర్ణయించే బ్యాక్‌ట్రాక్ అంకె పెంచి మళ్ళీ అడిగితే మాయమయ్యే పేచీలు ఉన్నాయి. కొత్తవాళ్ళు ముందుగా చేయాల్సిందీ అదే. ఐసీయూ సంగతి వేరు. 2012లో ఈఏపీఐ 5 అనే ఇబిల్డ్ నియమావళితో, లైబ్రరీ అంకె మార్పును గుర్తించే సబ్‌స్లాట్లు వచ్చాయి. ఐసీయూ మారిందంటే ఎవరెవరిని మళ్ళీ కట్టాలో పోర్టేజ్‌కు ముందే తెలుస్తుంది, ఆ జాబితా తానే వేసుకుంటుంది. అంతకుముందు రెవ్‌డెప్ రీబిల్డ్ అనే స్క్రిప్టుతో విరిగినవాటిని వెతుక్కోవాల్సి వచ్చేది. అప్‌డేట్ అయిపోయాక చేసే ఆ వెతుకులాట చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఇప్పుడు అవసరమైతే పాత లైబ్రరీ ఫైలును కూడా కొన్నాళ్ళు అట్టిపెట్టి, దాన్ని వాడేవన్నీ మారాకే తీసేస్తారు. కరెంటు పోతుందన్న భయానికీ జవాబుంది. కంపైలేషన్ అంతా వేరే డైరెక్టరీలో జరుగుతుంది, పూర్తయ్యాకే ఫైళ్ళు సిస్టమ్‌లో చేరతాయి. మధ్యలో కరెంటు పోతే ఆ ఒక్క ప్యాకేజీ పని వృథా అవుతుంది గాని సిస్టమ్‌కు దెబ్బ తగలదు. రిజ్యూమ్ ఆప్షన్ ఇస్తే మిగిలిన జాబితా అక్కడి నుంచే మొదలవుతుంది. నెట్ ఉన్నప్పుడు ఫెచ్‌ఓన్లీతో సోర్సులన్నీ దించుకుని, కరెంటు ఉన్నప్పుడు కంపైల్ చేసుకోవచ్చు. ఇబిల్డ్‌లన్నీ ఉండే ప్యాకేజీల చెట్టు మొత్తం మళ్ళీ దించుకోకుండా, మారిన తేడా మాత్రమే తెచ్చే డెల్టా వెబ్‌ఆర్‌సింక్ కూడా ఉంది.

బైనరీ పక్షం: ఆ ఒక్క ప్యాకేజీయే లిబ్రేఆఫీస్ అయితే? నాలుగైదేళ్ళ నాటి మామూలు ల్యాప్‌టాప్‌లో అది గంటల పని. కరెంటు వంతు అయిపోయేలోపు పూర్తికాని పని వచ్చే వంతులో మళ్ళీ మొదటి నుంచి మొదలైతే, ఆ ప్యాకేజీ ఎన్నటికీ పూర్తికాదు. సిస్టమ్‌కు దెబ్బ తగలకపోవచ్చు, దాన్ని నమ్ముకున్న మనిషి పని మాత్రం సాగదు. ఫైళ్ళు సిస్టమ్‌లో చేరే ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే ఏమవుతుందో కూడా చెప్పలేదు.

సోర్స్ పక్షం: ఆ కొద్ది నిమిషాల ప్రమాదం డెబియన్ వాడే డీపీకేజీకీ ఉంది. గంటల ఖర్చు మాత్రం నిజం, దానికి పూర్తి సమాధానం లేదు. ఆ ఖర్చుతో ఏం దక్కుతుందన్నది లిపి దగ్గర తెలుస్తుంది. బర్మీస్‌లో ఒక స్వర చిహ్నం ఉంది, దాన్ని ఫైల్లో హల్లు తర్వాత నిల్వ చేస్తారు, తెరమీద మాత్రం హల్లుకు ఎడమ పక్కన కనిపించాలి. తెలుగులో ‘స్త్రీ’ అన్న అక్షరం వెనక ఆరు కోడ్ పాయింట్లుంటాయి, చదివేవారికి కనిపించేది ఒకే గుత్తి. ఈ అమరిక చేసేది హార్ఫ్‌బజ్. భారతీయ లిపులకు ఒకటి, బర్మీస్‌కు ఒకటి చొప్పున వేర్వేరు షేపర్లు అందులో ఉన్నాయి. బర్మీస్‌లో మాటల మధ్య ఖాళీ వదలాలన్న నియమం లేదు, కాబట్టి వరుస చివర మాటను ఎక్కడ విరవాలో తెలియడానికి నిఘంటువు కావాలి. ఐసీయూలో ఆ నిఘంటువు ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్న ఊరు యాంగోన్. ఒకే కంప్యూటర్‌లో రెండు లిపులూ సరిగ్గా కనిపించాలనుకునే ఇల్లు అక్కడ ఊహకందనిదేమీ కాదు. ఆ ఇంటికి ఐసీయూ ఫ్లాగ్ అలంకారం కాదు, అవసరం.

ఇదే చోట పాఠ్యపుస్తకాల్లో చేర్చదగ్గ పేచీ కూడా ఉంది. ఫాంట్లను గీసే ఫ్రీటైప్‌కు హార్ఫ్‌బజ్ ఫ్లాగ్ పెడితే, దాన్ని కట్టడానికి హార్ఫ్‌బజ్ కావాలి. హార్ఫ్‌బజ్‌కు ట్రూటైప్ ఫ్లాగ్ పెడితే, దాన్ని కట్టడానికి ఫ్రీటైప్ కావాలి. కొత్త సిస్టమ్‌లో రెండూ ఉండవు. ఏది ముందు? పోర్టేజ్ ఇది వలయం అని చెప్పి ఆగుతుంది. ఫ్రీటైప్‌ను తాత్కాలికంగా ఆ ఫ్లాగ్ లేకుండా ఒకసారి కట్టి, తర్వాత హార్ఫ్‌బజ్ కట్టి, మళ్ళీ ఫ్రీటైప్‌ను ఫ్లాగ్‌తో కడితే వలయం తెగుతుంది. ఈ పని చేసిన మనిషికి తన లిపి ఏ రెండు లైబ్రరీల మీద నిలబడి ఉందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

బైనరీ పక్షం: లిపి మాట వచ్చింది కాబట్టి యాంగోన్ అనుభవమే ఎదురు సాక్ష్యం. మయన్మార్‌లో ఏళ్ళ తరబడి రాజ్యమేలిన జోజీ ఫాంట్ సరిగ్గా ఇలాంటి సొంత పరిష్కారమే. యూనికోడ్‌లో బర్మీస్‌కు కేటాయించిన కోడ్ పాయింట్లనే అది తన పద్ధతిలో వాడుకుంది. మోన్, షాన్, కరెన్ భాషల అక్షరాలకు ఉద్దేశించిన చోట్లలో బర్మీస్ అక్షరాల రూపభేదాలను కూర్చోబెట్టింది. ఒకే చోటు కోసం రెండు పద్ధతులు పోటీపడ్డాయి, స్లాట్ పేచీకి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. ఒక పద్ధతిలో రాసింది రెండో పద్ధతి ఫోన్‌లో గందరగోళంగా కనిపించేది. ఏ పాఠం ఏ పద్ధతిలో ఉందో కనిపెట్టడానికి సంభావ్యత లెక్కలు వేసే పరికరాలు తయారు చేయాల్సి వచ్చింది. చివరికి 2019 అక్టోబర్ 1న దేశమంతా యూనికోడ్‌కు మారాలని ప్రభుత్వమే తేదీ పెట్టింది. ఎవరి మెషిన్‌లో వాళ్ళు పేచీ తీర్చుకుంటే, ఆ పరిష్కారాలు ఒకదానితో ఒకటి పొసగవు. నష్టపోయేది పక్కవాడు, అందులోనూ చిన్న భాషలవాళ్ళు.

సోర్స్ పక్షం: మోన్, షాన్, కరెన్‌లకు జరిగిన నష్టం కాదనలేనిది. జోజీని ఎవరూ సమర్థించాల్సిన పనిలేదు. అది ఎందుకు పుట్టిందో మాత్రం పూర్తిగా చెప్పాలి. బర్మీస్ ఎన్‌కోడింగ్ స్థిరపడింది 2008లో వచ్చిన యూనికోడ్ 5.1తో. విండోస్‌లో బర్మీస్ అమరిక 2012లో, విండోస్ 8తో గాని రాలేదు. వాడేవాళ్ళ చేతిలో ఉన్నది ఫాంట్ ఒక్కటే. అమరిక చేసే లైబ్రరీ మూతవేసిన బైనరీగా వచ్చింది, దాన్ని ముట్టుకునే వీలు లేదు. కాబట్టి లైబ్రరీలో చేయాల్సిన పనిని ఫాంట్‌లో చేశారు, కోడ్ పాయింట్లను బలిపెట్టారు. సోర్స్ చేతిలో ఉన్నచోట ఇంకో దారి దొరికింది. ఎస్ఐఎల్ సంస్థ పడౌక్ ఫాంట్‌ను గ్రాఫైట్ పద్ధతిలో చేసింది, యూనికోడ్ నియమం తప్పకుండానే. హార్ఫ్‌బజ్‌ను గ్రాఫైట్‌తో కట్టే ఫ్లాగ్ జెంటూలో ఇప్పటికీ ఉంది. జోజీ సొంత పరిష్కారమే, నిజం. సరైన చోట పరిష్కరించుకునే వీలు లేక చేసుకున్న పరిష్కారం.

బైనరీ పక్షం: ఆ వాదనలో బలముంది. అయినా పడౌక్ చేసింది ఫాంట్ నిపుణులు, తన ల్యాప్‌టాప్‌లో ఫ్లాగులు మార్చుకున్న ఎవరో ఒకరు కాదు. మామూలు మనిషి చేతిలో సడలింపు అంటే ఎలా ఉంటుందో ప్యాకేజ్ డాట్ మాస్క్ ఫైలు చెబుతుంది. పేచీ వచ్చిన రోజు పని కావాలని ఒక లైబ్రరీని పాత వెర్షన్ దగ్గర ఆపుతారు. పని అయిపోతుంది, ఆ వరుస మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఆ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడి, సవరణ కొత్త వెర్షన్‌లోనే వస్తుంది. ఆ కంప్యూటర్‌కు అది చేరదు, చేరలేదని ఎవరికీ తెలియదు. డెబియన్ స్టేబుల్‌లో భద్రతా బృందం అదే సవరణను పాత వెర్షన్‌కే అతికించి పంపుతుంది. జనం ఫోన్లూ కంప్యూటర్లూ సోదాలకు గురవుతున్న ఊళ్ళో, 2025 జనవరి 1న సైబర్ భద్రతా చట్టం చేసి అనుమతి లేని వీపీఎన్ సేవలను శిక్షార్హం చేసిన దేశంలో, భద్రతా సవరణ ఆలస్యం కావడం చిన్న విషయం కాదు.

సోర్స్ పక్షం: సోర్స్ వైపు అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదే. జీఎల్‌ఎస్‌ఏ చెక్ అనే పరికరం ఉంది, పాత వెర్షన్‌లో తెలిసిన లోపం ఉంటే చెబుతుంది. ఎవరైనా దాన్ని నడపాలి కదా. మాస్క్ వరుస పైన తేదీ, కారణం, ఏ ప్యాకేజీ మారితే ఈ వరుస తీసేయాలో రాయడం తప్పనిసరి నియమంగా పెట్టుకోవాలి. అలా రాయని సడలింపు పరిష్కారం కాదు, వాయిదా.

మరో కోణం కూడా ఉంది. జెంటూలో అన్నీ వ్యక్తికే వదిలేశారనుకోవడం పొరపాటు. డిఫాల్ట్ పైథాన్ 2024 జూన్ 1న 3.12కు, 2025 జూన్ 1న 3.13కు మారింది. ముందే తేదీ చెప్పి, ఎలా మారాలో దశలవారీగా రాసి ఇచ్చారు. భద్రంగా మారాలంటే కొన్నాళ్ళు పైథాన్ టార్గెట్లలో పాతదీ కొత్తదీ రెండూ ఉంచి అన్నీ కట్టుకోవాలి, తర్వాత పాతది తీసేయాలి. ఒక ప్రోగ్రామ్ ఇంకా పాత పైథాన్ దగ్గరే ఆగితే దానికొక్కదానికే మినహాయింపు రాసుకోవచ్చు. తేదీ కేంద్రంలో నిర్ణయమైంది, మినహాయింపు ఇంట్లో.

బైనరీ పక్షం: అంటే పెద్ద పేచీలు కేంద్రంలోనే తీరాలని జెంటూ కూడా ఒప్పుకున్నట్టే. 2023 డిసెంబర్ 29న అది ఇంకో అడుగు వేసింది. బైనరీ ప్యాకేజీలు కూడా ఇస్తామని ప్రకటించింది. ఏఎమ్‌డీ 64, ఆర్మ్ 64లకు 20 గిగాబైట్లకు పైగా, లిబ్రేఆఫీస్‌తో సహా, తయారుగా ఉంచింది. నిదానమైన హార్డ్‌వేర్ ఉన్నవాళ్ళను తలచుకునే ఇచ్చారు. యాంగోన్ ల్యాప్‌టాప్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

సోర్స్ పక్షం: కావాలి. ఆ బైనరీలను ఒక నిర్ణీత ఫ్లాగుల సెట్‌తో కట్టారు. ఫ్లాగులు సరిపోలితేనే బైనరీ వస్తుంది, లేకపోతే మళ్ళీ ఇంట్లోనే కంపైలేషన్. ఐసీయూ సబ్‌స్లాట్ కూడా బైనరీలో నమోదై ఉంటుంది. ఇంట్లో ఐసీయూ 75 చేరి, బైనరీ 74తో కట్టిందైతే అది పనికిరాదు. చెట్టును ఇవాళ సింక్ చేసి, బైనరీలు రేపు తాజా అయితే, ఆ ఒక్క రోజు తేడాకే పేచీ తలెత్తుతుంది. బైనరీ రావడంతో పేచీ పోలేదు, ఎప్పుడు వస్తుందో మారింది. పరిష్కారం ఒకటుంది. కాలేజీ ల్యాబ్ లాంటి చోట, కరెంటు నమ్మకంగా ఉండే ఒక మెషిన్ అన్నిటినీ స్థానిక అవసరాల ఫ్లాగులతో కట్టి, మిగతా వాటికి బైనరీలు పంచుతుంది. నెట్ ఆగినా ఆ గదిలో అప్‌డేట్ ఆగదు.

బైనరీ పక్షం: అప్పుడు ఆ మెషిన్ చూసుకునే మనిషే ఆ గదికి డెబియన్ అవుతాడు. పేచీలన్నీ అతనే తీరుస్తాడు, మిగతావాళ్ళకు తీర్పు చేరుతుంది. మొదటి నుంచీ ఈ పక్షం చెబుతున్నది అదే. పైగా ఆ మనిషి ఉంటాడన్న భరోసా ఏది? 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ అమలు చేస్తామని ప్రకటించాక, దేశం దాటిపోయిన యువతలో ఇలాంటి పని తెలిసినవాళ్ళూ ఉంటారు. అతను వెళ్ళిపోయిన మర్నాడు హార్ఫ్‌బజ్ దగ్గర పేచీ వస్తే ఆ గదిలో దాన్ని చదివేవారుండరు. డెబియన్ బృందంలో ఒకరు పోతే ఇంకొకరు చూస్తారు.

సోర్స్ పక్షం: ఆ తేడా నిజమే. ఒక మనిషి మీద నిలిచే ఏర్పాటు ఏ పద్ధతిలోనైనా బలహీనమే. సోర్స్ సిస్టమ్‌లో ఆ మనిషి వెనక మిగిలేది ఏమిటో కూడా చూడాలి. ఏ ప్యాకేజీలు కోరి పెట్టుకున్నారో చెప్పే వరల్డ్ ఫైలు, ఏ ఫ్లాగ్ ఎందుకు మార్చారో వ్యాఖ్యలతో రాసిన ప్యాకేజ్ డాట్ యూజ్, మాస్కుల పైన తేదీలు, దించుకున్న సోర్సులు, కట్టిన బైనరీలు, చివరిసారి సింక్ చేసిన చెట్టు నకలు. ఇవి ఒక హార్డ్‌డిస్క్‌లో పడతాయి. నెట్ లేకుండానే వీటితో అదే సిస్టమ్‌ను ఇంకొకరు మళ్ళీ కట్టగలరు.

బైనరీ పక్షం: కట్టగలిగినవారు గదిలో ఉంటే. లేకపోతే ఒక పెన్‌డ్రైవ్‌లో డెబియన్ తెచ్చి ఒక్క కరెంటు వంతులో ఇన్‌స్టాల్ చేయవచ్చు. బర్మీస్ ఫాంట్లూ తెలుగు ఫాంట్లూ అందులోనూ ఉన్నాయి.

సోర్స్ పక్షం: ఉన్నాయి. కాబట్టి ఆ హార్డ్‌డిస్క్ పక్కన ఆ పెన్‌డ్రైవ్ కూడా ఉంచాలి. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు ముందు దాని మీద పని అప్పగించి, ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్ వలయాన్ని ఒక పాత మెషిన్ మీద వాళ్ళ చేతే తెగ్గొట్టించాలి.

బైనరీ పక్షం: ఆ పాత మెషిన్‌కు కరెంటు వంతులో వాటా ఎవరి పని నుంచి కోసి ఇస్తారో ల్యాబ్ ముందే తేల్చుకోవాలి.